ఫ్రాంకో బసాల్యా

ఫ్రాంకో బసాల్యా (మార్చి 11, 1924 - ఆగష్టు 29, 1980) ఇటలీ దేశానికి చెందిన ప్రసిద్ధ మానసిక వైద్యుడు, సంస్కర్త. మానసిక రోగులను ప్రహరీగోడల వెనుక ఏళ్ళ తరబడి బంధించి ఉంచే ఆసుపత్రులను మూసివేసి, వారికి ఊళ్ళోనే, తమవారి మధ్యనే వైద్యం అందించాలని ఈయన వాదించాడు. గొరిజియా, ట్రియెస్టె నగరాలలో ఆ పని చేసి చూపించాడు. 1973లో ఈయన తన సహచరులతో కలసి స్థాపించిన ప్సికియాత్రియా దెమొక్రాతికా (ప్రజాస్వామిక మనోవైద్యం అని అర్థం) అనే సంఘం ఇటలీలో సంస్కరణలు కోరే మనోవైద్యులను, నర్సులను, సామాజిక కార్యకర్తలను ఒక్కతాటిపైకి తెచ్చింది. 1978 మే 13న ఇటలీ పార్లమెంటు ఆమోదించిన 180వ నంబరు చట్టం జనవ్యవహారంలో బసాల్యా చట్టంగానే పేరుపొందింది. ఆ చట్టాన్ని వ్రాసినది మాత్రం ఈయన కాదు.

బాల్యము, విద్యాభ్యాసము

బసాల్యా వెనిస్ నగరంలో కలిగిన కుటుంబంలో జన్మించాడు. బాల్యమంతా ఆ నగరంలోని సాన్ పోలో పేటలో గడచింది. రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులలో పాదువా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థిగా చేరాడు. అప్పటికి ఉత్తర ఇటలీ జర్మన్ సైన్యాల చేతిలో, ముస్సోలినీ అనుచరుల చేతిలో ఉన్నది. ఫాసిస్టు వ్యతిరేక విద్యార్థి బృందంలో పనిచేస్తున్నందున 1944 డిసెంబరులో ఈయనను అరెస్టు చేసి వెనిస్ జైలులో ఉంచారు. యుద్ధం ముగిసేవరకు అక్కడే ఉన్నాడు. చాలా ఏళ్ళ తరువాత మొదటిసారి పిచ్చాసుపత్రిలో అడుగుపెట్టినప్పుడు తనకు ఆ జైలే గుర్తుకు వచ్చిందని ఈయన చెప్పుకున్నాడు.

1949లో పట్టభద్రుడై, పాదువా విశ్వవిద్యాలయంలోని నరాల, మానసిక వ్యాధుల విభాగంలో ఆచార్య బెల్లోని వద్ద పన్నెండేళ్ళకు పైగా పనిచేశాడు. ఆనాటి ఇటలీలో మానసిక వ్యాధి అంటే మెదడుకు వచ్చిన వ్యాధి మాత్రమే అన్న అభిప్రాయం బలంగా ఉండేది. బసాల్యా మాత్రం హుస్సెర్ల్, యాస్పర్స్, బిన్స్వాంగర్, సార్త్ర్ మొదలైనవారి గ్రంథాలను చదువుతూ, రోగి తన లోకాన్ని ఎలా అనుభవిస్తున్నాడన్న ప్రశ్నపై వ్యాసాలు వ్రాసేవాడు. ఆచార్య బెల్లోని ఈయనను తత్త్వవేత్త అని పిలిచేవాడు. ఆ పిలుపులో మెప్పు కంటే వెటకారమే ఎక్కువ. 1958లో విశ్వవిద్యాలయంలో బోధించడానికి అర్హత పొందినప్పటికీ ఆచార్య పదవి లభించే సూచనలు కనిపించలేదు.

1953లో ఈయన ఫ్రాంకా ఒంగారోను వివాహమాడాడు. ఆమె వైద్యురాలు కాదు. పిల్లల కథలు వ్రాసే రచయిత్రి. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. బసాల్యా పేరుతో వెలువడిన రచనలలో అధికభాగం భార్యాభర్తలు ఇద్దరూ కలసి వ్రాసినవే. ఎర్వింగ్ గోఫ్మన్ వ్రాసిన అసైలమ్స్ అనే గ్రంథాన్ని ఇటాలియన్ భాషలోకి అనువదించినది కూడా ఆమెయే. ఈ ఉద్యమ చరిత్రలో ఆమె పేరును కేవలం భార్యగా ప్రస్తావించి వదలివేయటం న్యాయం కాదు.

గొరిజియా

1961 నవంబరులో బసాల్యా గొరిజియా మానసిక వైద్యశాల డైరెక్టరుగా వెళ్ళాడు. గొరిజియా అప్పటి యుగొస్లావియా సరిహద్దున ఉన్న చిన్న పట్టణం. ఆసుపత్రి ఆవరణ గోడకు అవతల పరాయి దేశం. ఐదారువందల మంది రోగులు ఉండేవారు. వారిలో స్లొవీన్ భాష మాట్లాడేవారు చాలామంది. విశ్వవిద్యాలయంలో ఉన్నవారి దృష్టిలో ఇటువంటి చోటికి వెళ్ళటం ఒక విధమైన బహిష్కరణయే.

ఇటలీలో అప్పటికి అమలులో ఉన్నది 1904 నాటి చట్టం. తనకు గాని ఇతరులకు గాని ప్రమాదకారి అయినవానిని, లేదా నలుగురిలో అల్లరికి కారణమైనవానిని నిర్బంధించవచ్చునని అది చెప్పేది. వైద్యుని ధ్రువపత్రం, పోలీసు అధికారి ఉత్తర్వు ఉంటే చాలు. నిర్బంధం స్థిరపడిన పిమ్మట రోగి పేరు నేరస్థుల దస్తావేజులకు ఎక్కేది, పౌరహక్కులు పోయేవి. అంటే చికిత్సకు వచ్చినవాడు తిరిగి వెళ్ళినా నేరస్థుని ముద్ర పోదు. (మన దేశంలోని 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం కూడా ఇంచుమించు ఆ కాలం నాటిదే. అది 1993లో కొత్త చట్టం అమలులోకి వచ్చేవరకు కొనసాగింది.)

బాధ్యతలు స్వీకరించిన మొదటి రోజులలోనే, ముందు రాత్రి మంచాలకు కట్టివేసిన రోగుల జాబితాను హెడ్ నర్సు సంతకం కొరకు తెచ్చాడు. డైరెక్టరు సంతకం చేయటం ఆనవాయితీ. బసాల్యా సంతకం చేయడానికి నిరాకరించాడు. కట్లు విప్పించటం, తలుపుల తాళాలు తీయించటం, కిటికీల చువ్వలు తొలగించటం ఆపై ఒకటొకటిగా జరిగాయి. రోగులకు మామూలు దుస్తులు ఇచ్చారు. వైద్యులు తెల్లకోటు వేసుకోవటం మానివేశారు. అన్ని వార్డుల తలుపులూ తెరవటానికి 1967 వరకు పట్టింది. కొంతమంది నర్సులు దీనిని మొదట్లో గట్టిగా వ్యతిరేకించారు. రోగి పారిపోతే జవాబు చెప్పవలసినది వారే కనుక ఆ భయం అకారణమైనది కాదు.

స్కాట్లండులో మాక్స్వెల్ జోన్స్ నడుపుతున్న చికిత్సా సమాజాన్ని చూసి వచ్చిన తరువాత బసాల్యా గొరిజియాలో సభల పద్ధతిని ప్రవేశపెట్టాడు. ప్రతిరోజూ ఉదయం సర్వసభ్య సమావేశం జరిగేది. రోగులు, నర్సులు, వైద్యులు అందరూ వచ్చి కూర్చోవచ్చు, ఎవరైనా మాట్లాడవచ్చు, ఎవరైనా లేచి వెళ్ళిపోవచ్చు. అధ్యక్షత వహించేది రోగులే. సిగరెట్ల పంపకం, పనికి ఇచ్చే కూలి, వారాంతపు విహారయాత్ర, ఒక రోగి పెట్టిన గొడవ మొదలైన విషయాలు చర్చకు వచ్చేవి. ఇరవై ఏళ్ళుగా నోరు విప్పనివారు ఆ సభలలో మాట్లాడారు. ఇవి కాక వార్డుల సమావేశాలు, నర్సుల సమావేశాలు, వైద్యుల సమావేశాలు వారానికి పదులకొద్దీ జరిగేవి. రోగులే ఒక పత్రికను కూడా వెలువరించారు. దాని పేరుకు వడ్రంగిపిట్ట అని అర్థం.

అయితే సభలు పెట్టి ఆసుపత్రిని మర్యాదగా నడపటంతో పని పూర్తి అయినట్లు బసాల్యా భావించలేదు. మంచి పిచ్చాసుపత్రి కూడా పిచ్చాసుపత్రియే అన్నది ఈయన నిశ్చయం. తలుపు తెరచినంత మాత్రాన రోగికి వెళ్ళడానికి ఇల్లు, చేయడానికి పని, చేతిలో డబ్బు సమకూడవు. తన వృత్తిలోనివారు సమాజం అప్పగించిన కాపలాపని చేస్తూ దానికి వైద్యమని పేరు పెట్టుకున్నారని ఈయన విమర్శించాడు. ఈ ఆలోచనలన్నిటితో 1968లో వెలువడిన లిస్తితుత్సియోనె నెగాత (తిరస్కరించబడిన సంస్థ) అనే గ్రంథం దేశమంతటా సంచలనం రేపింది. ఆ సంవత్సరపు వియారెజ్జో బహుమతి దానికి లభించింది. విద్యార్థి ఉద్యమాలు ఉప్పొంగిన సంవత్సరం కావటంతో అది వైద్యులకంటె విద్యార్థుల చేతులలో ఎక్కువగా కనిపించేది. సెర్జో జావోలి తీసిన టెలివిజన్ చిత్రం ద్వారా గొరిజియా రోగుల ముఖాలను, మాటలను సామాన్య ప్రజలు తమ ఇళ్ళలో చూశారు.

అదే సంవత్సరం సెప్టెంబరులో ఒకరోజు సెలవుపై ఇంటికి వెళ్ళిన ఒక రోగి తన భార్యను హత్య చేశాడు. సెలవు మంజూరు చేసినందుకు బసాల్యాపై నేరం మోపారు. తరువాత న్యాయస్థానం ఈయనను నిర్దోషిగా విడుదల చేసింది. కాని తలుపులు తెరవటాన్ని వ్యతిరేకించేవారికి ఈ ఘటన ఆయుధమైంది. ఒక స్త్రీ ప్రాణం పోయిందన్న సత్యాన్ని ఉద్యమ అభిమానులు కూడా తేలికగా దాటవేయరాదు. ట్రియెస్టెలోనూ 1972లో విడుదలైన రోగి ఒకడు తన తల్లిదండ్రులను చంపాడు. అప్పుడు కూడా బసాల్యా విచారణను ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు.

ఈయన గొరిజియాను విడిచి, 1969లో కొన్ని నెలలపాటు న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రంలో గడిపాడు. ఆసుపత్రి బయట పెట్టిన కేంద్రాలు కూడా జనంపై కొత్తరకపు అదుపుగా మారవచ్చునని అక్కడ గమనించాడు. తరువాత పార్మా వద్ద కొలోర్నో ఆసుపత్రిలో స్వల్పకాలం పనిచేశాడు.

గొరిజియా బృందం కథ అంతటితో ముగియలేదు. రోగులు బయటకు వెళ్ళి ఉండటానికి పట్టణంలో కేంద్రాలు తెరవమని వారు పాలకులను పదే పదే కోరారు. ఇటలీలో పిచ్చాసుపత్రులను నడిపేది ప్రొవించా, అంటే మన జిల్లా పరిషత్తు వంటి స్థానిక ప్రభుత్వం. గొరిజియా ప్రొవించా ఆ కోరికను అంగీకరించలేదు. 1972లో వైద్యులందరూ మూకుమ్మడిగా రాజీనామా చేశారు. వైద్యుల సంకల్పం ఎంత బలమైనదైనా, నిధులు, భవనాలు, ఉద్యోగాలు చేతిలో ఉన్న పాలకులు కలసిరాకపోతే పని గోడ దాటదని ఆ పదేళ్ళు నేర్పాయి.

ట్రియెస్టె

1971 ఆగష్టులో బసాల్యా ట్రియెస్టెలోని సాన్ జొవాన్ని ఆసుపత్రి డైరెక్టరు అయ్యాడు. ఇక్కడ కథ వేరు. ట్రియెస్టె ప్రొవించా అధ్యక్షుడు మికెలె జనెత్తి క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీకి చెందిన యువకుడు. వామపక్ష భావాలు గల బసాల్యాను తానే పిలిపించి, తనకు వచ్చిన విమర్శలన్నిటినీ భరించి, చివరివరకు ఈయనకు అండగా నిలిచాడు. రాజకీయంగా వేర్వేరు దారులవారైన ఈ ఇద్దరి స్నేహం లేకపోతే ట్రియెస్టె ప్రయోగం సాగేది కాదు.

సాన్ జొవాన్ని 1908లో ప్రారంభమైన విశాలమైన ఆసుపత్రి. కొండవాలున తోటల మధ్య విడివిడి భవనాలుగా ఉండేది. 1971లో అందులో దాదాపు 1200 మంది రోగులు ఉన్నారు. బసాల్యా మొదట చేసిన పని ఆసుపత్రి విభాగాలను మార్చటం. అంతకుముందు రోగులను ప్రశాంతులు, ఉద్రేకపరులు, మలినపరులు వంటి వర్గాలుగా విభజించేవారు. ఈయన ఆ వర్గాలను తీసివేసి, నగరాన్నీ పరిసర గ్రామాలనూ ఐదు మండలాలుగా విభజించాడు. ఏ మండలం నుండి వచ్చిన రోగి ఆ మండలానికి చెందిన బృందం బాధ్యతలోకి వచ్చాడు. ఆసుపత్రి లోపల పనిచేస్తున్న బృందమే రేపు ఆ మండలంలో తెరవబోయే కేంద్రాన్ని నడుపుతుంది. కాగితంపై చిన్నదిగా కనిపించే ఈ ఏర్పాటు వలన రోగి బయటకు వెళ్ళినప్పుడు తనను ఎరిగిన నర్సు, ఎరిగిన వైద్యుడు కూడా అతనితో పాటే వెళ్ళారు.

వైద్యం పేరిట జీతం లేకుండా ఆసుపత్రి నేల తుడవటం, బట్టలు ఉతకటం చేస్తూ వచ్చిన రోగులు 1972లో ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు. సుమారు అరవైమంది సభ్యులు ప్రొవించాతో ఒప్పందం చేసుకుని అదే పనిని కార్మిక సంఘాల రేటు ప్రకారం జీతానికి చేయసాగారు. ఈ సహకార సంఘాన్ని చట్టబద్ధంగా గుర్తింపజేయడానికి చాలా పోరాడవలసి వచ్చింది. మతిలేనివారిగా నమోదైనవారు ఒప్పందంపై సంతకం ఎలా చేయగలరన్నది అధికారుల అభ్యంతరం. వెళ్ళడానికి ఇల్లు లేని రోగుల కొరకు అతిథి అనే కొత్త హోదా కల్పించారు. నిర్బంధం రద్దయిన పిమ్మట వారు ఆసుపత్రి ఆవరణలోనే స్వేచ్ఛగా నివసించేవారు.

1973 ఆరంభంలో బసాల్యా బంధువైన శిల్పి వితోరియో బసాల్యా, నాటకకర్త జూలియానో స్కాబియా, రోగులు కలసి కర్రతో, కాగితపు గుజ్జుతో ఒక పెద్ద నీలిగుర్రాన్ని తయారుచేశారు. దాని పేరు మార్కో కవాల్లో. ఆసుపత్రిలో ఉతుకుబట్టల బండిని ఏళ్ళ తరబడి లాగిన నిజమైన గుర్రం పేరే దానికి పెట్టారు. గుర్రాన్ని ఊరేగింపుగా నగరంలోకి తీసుకువెళ్ళబోతే అది ద్వారంలో పట్టలేదు. ద్వారాన్ని పగులగొట్టి బయటకు తెచ్చారు. వందలాది రోగులు దాని వెనుక నడిచారు.

సంఘ స్థాపన

గొరిజియా నుండి వచ్చినవారు ఇటలీలో నలువైపులా చెదరిపోయారు. ఆగొస్తీనో పిరెల్లా ఆరెజ్జోలో, ఆంతోనియో స్లావిచ్ ఫెర్రారాలో, లూచో స్కిత్తార్ పొర్దెనోనెలో పనిచేస్తున్నారు. పెరూజా వంటి చోట్ల గొరిజియాతో సంబంధం లేకుండానే ఇటువంటి సంస్కరణలు ఆరంభమయ్యాయి. ఎక్కడివారు అక్కడ తమ ప్రొవించాతో, తమ నర్సుల సంఘంతో, తమ పోలీసు అధికారితో తంటాలు పడుతున్నారు. ఒకచోట సాధించినది మరొకచోట తెలియదు. ఒక డైరెక్టరు మారితే అంతవరకు చేసిన పని కూలిపోతుంది.

అప్పటికి మనోవైద్యులకు సంఘాలు లేకపోలేదు. జాతీయస్థాయి మనోవైద్య సంఘం ప్రధానంగా విశ్వవిద్యాలయ ఆచార్యుల చేతిలో ఉండేది. ఆసుపత్రి వైద్యులకు అమోపి అనే సంఘం ఉండేది. అది జీతాలు, హోదాల కొరకు పోరాడటమే కాక స్వచ్ఛందంగా చికిత్సకు చేరే అవకాశం కల్పించిన 1968 నాటి మారియొత్తి చట్టం రావటానికి తోడ్పడింది. కాని ఆ సంఘాలు వైద్యుల సంఘాలు. నర్సులకు, సామాజిక కార్యకర్తలకు అక్కడ చోటు లేదు. ఆసుపత్రిని మూసివేయాలని కోరే ఆసుపత్రి వైద్యుల సంఘం అంతకుముందు ఎవరూ ఎరుగరు.

1973 అక్టోబరు 8న బొలోన్యా నగరంలో ప్సికియాత్రియా దెమొక్రాతికా స్థాపన జరిగింది. స్థాపకులలో బసాల్యా, ఫ్రాంకా ఒంగారో, పిరెల్లా, స్లావిచ్, స్కిత్తార్, దొమెనికో కసగ్రాందె, మికెలె రిస్సో, జాన్ ఫ్రాంకో మింగుత్సి, పియెరా పియాత్తి మొదలైనవారు ఉన్నారు. సంఘానికి కార్యదర్శిగా బొలోన్యాకు చెందిన మింగుత్సి బాధ్యత వహించాడు. అందరి దృష్టిలో ఉద్యమానికి నాయకుడైన బసాల్యాకు కాక మింగుత్సికి కార్యాలయ భారం అప్పగించటం గమనార్హం. మింగుత్సి ఓపికగా ఉత్తరప్రత్యుత్తరాలు నడిపి, వేర్వేరు ఊళ్ళవారిని కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి. పేరు బసాల్యాకు వచ్చింది కాని రోజువారీ నిర్వహణ చాలావరకు ఇటువంటివారి చేతులమీదుగా సాగింది.

స్థాపన సందర్భంగా వెలువరించిన పత్రంలో సంఘ లక్ష్యాలు స్పష్టంగా ఉన్నాయి. రోగిని సమాజం నుండి వెలివేయటాన్ని, దానికి సమాజ నిర్మాణంలో ఉన్న కారణాలను ఎదుర్కోవటం మొదటిది. ఆ వెలివేతకు కొట్టవచ్చినట్లు కనిపించే ఉదాహరణ అయిన పిచ్చాసుపత్రిపై పోరాటం రెండవది. ఆసుపత్రి బయట కొత్తగా ఏర్పడే కేంద్రాలలో కూడా పాత నిర్బంధ పద్ధతులే తలెత్తే ప్రమాదం ఉన్నదని హెచ్చరించటం మరొకటి. మానసిక వైద్యాన్ని ప్రజలందరి ఆరోగ్య సమస్యతో ముడిపెట్టి, దేశవ్యాప్త ఆరోగ్య సంస్కరణను కోరటం కూడా అందులో ఉన్నది. వీటిలో మూడవదే, అంటే బయటి కేంద్రాల గురించిన హెచ్చరికయే, నేటికీ పాతబడని అంశమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గోడ పడగొట్టటం కంటికి కనిపిస్తుంది; ఊరి నడుమన తెరచిన కేంద్రంలో తాళం పడితే ఎవరికీ కనిపించదు.

సంఘంలో సభ్యత్వం వైద్యులకే పరిమితం కాలేదు. నర్సులు, మనస్తత్వవేత్తలు, సామాజిక కార్యకర్తలు చేరారు. మేధావులు, స్థానిక పాలకులు, కార్మిక సంఘాలవారు దీనితో కలసి పనిచేశారు. పిరెల్లా, పావొలో త్రాంకీనా 1972లో ఆరంభించిన ఫొల్యి దిన్ఫొర్మాత్సియోనె అనే పత్రిక ఆయా ఊళ్ళ అనుభవాలను, సమావేశాల పత్రాలను ప్రచురిస్తూ ఒకరి పని ఒకరికి తెలిసేలా చేసింది. ఒకచోట పాలకులతో చేసుకున్న ఒప్పందం, ఒకచోట నర్సుల కొత్త పనివేళలు మరొకచోట మాదిరిగా ఉపయోగపడేవి.

మొదటి జాతీయ మహాసభ 1974 జూన్‌లో గొరిజియాలోనే జరిగింది. రెండేళ్ళ క్రితం వైద్యులు రాజీనామా చేసి వెళ్ళిపోయిన ఊరిలోనే మహాసభ జరపటం కాకతాళీయం కాకపోవచ్చు. కార్మిక సంఘాల ప్రతినిధులు, వామపక్షాలవారు, విద్యార్థులు పెద్దసంఖ్యలో వచ్చారు. రెండవ మహాసభ 1976లో ఆరెజ్జోలో జరిగింది.

ఇన్నిరకాల మనుషులు చేరిన సంఘంలో విభేదాలు రాక తప్పలేదు. గొరిజియా బృందంలో ప్రముఖుడైన జొవాన్ని జెర్విస్ స్థాపకులలో లేడు. రెజ్జో ఎమీలియాలో ఆసుపత్రి బయటి సేవలను నిర్మిస్తున్న జెర్విస్, ఆసుపత్రిని మూయటంకంటె బయట సేవలు పెంచటమే ముందు జరగవలసిన పని అని వాదించేవాడు. తరువాతి కాలంలో బసాల్యా అనుచరులపై తీవ్రమైన విమర్శలు చేశాడు. మరొకవైపు మానసిక వ్యాధి అన్నదే లేదని, మనోవైద్యాన్ని పూర్తిగా రద్దుచేయాలని కోరేవారు ఉండేవారు. బసాల్యాను మనోవైద్య వ్యతిరేకి అని పిలవటం రివాజు అయింది కాని ఈయన ఆ పేరును అంగీకరించలేదు. రోగి అనుభవించే బాధ నిజమైనదేనని, ఆ బాధపై ఆసుపత్రి పెంచిన మరొక పొరను ముందుగా తొలగించాలని ఈయన ఉద్దేశం. 1977 సెప్టెంబరులో ట్రియెస్టెలో అంతర్జాతీయ సమావేశం జరిగినప్పుడు సాన్ జొవాన్ని తోటలో గుడారాలు వేసుకుని కొన్ని వేలమంది బసచేశారు. తీవ్ర వామపక్ష యువకులు కొందరు, బసాల్యా ప్రభుత్వంతో రాజీపడ్డాడని ఆరోపిస్తూ సభలో గొడవ చేశారు. పాలకులు అతివాది అన్నారు, యువకులు మితవాది అన్నారు. సంఘం ఈ రెండు ఒత్తిళ్ళ మధ్యనే నడిచింది.

180వ చట్టము

1977 జనవరిలో బసాల్యా, జనెత్తి ఇద్దరూ కలసి సాన్ జొవాన్ని ఆసుపత్రిని మూసివేయబోతున్నట్లు ప్రకటించారు. అదేకాలంలో రాడికల్ పార్టీ 1904 నాటి చట్టం రద్దు కొరకు ప్రజాభిప్రాయ సేకరణ కోరుతూ సంతకాలు సేకరించింది. 1978 జూన్ 11న ఓటింగు జరగవలసి ఉన్నది. ఓటర్లు రద్దుకు అనుకూలంగా ఓటువేస్తే దాని స్థానంలో మరొక చట్టం లేక శూన్యం ఏర్పడుతుంది. వ్యతిరేకంగా వేస్తే పాత చట్టానికి ప్రజామోదం లభించినట్లవుతుంది. ప్రధాన పార్టీలకు రెండూ ఇష్టం లేదు. కావున మానసిక వైద్యుడే అయిన క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ సభ్యుడు బ్రూనో ఒర్సీని ఆధ్వర్యంలో హడావిడిగా బిల్లు తయారైంది. పూర్తి సభల చర్చకు పోకుండా ఉభయసభల సంఘాల స్థాయిలోనే అది 1978 మే 13న చట్టమైంది. అపహరణకు గురైన మాజీ ప్రధాని ఆల్దో మోరో మృతదేహం రోము నగరంలో దొరికి అప్పటికి నాలుగు రోజులు. దేశమంతా ఆ విషాదంలో మునిగి ఉండగా ఈ చట్టం దాదాపు చడీచప్పుడు లేకుండా వచ్చింది.

చట్టం ప్రకారం కొత్తగా ఎవరినీ పిచ్చాసుపత్రులలో చేర్చరాదు; కొత్త పిచ్చాసుపత్రులు కట్టరాదు. చికిత్స సాధారణంగా రోగి ఇష్టప్రకారం, ఆసుపత్రి బయటి కేంద్రాలలో జరగాలి. తప్పనిసరి అయినప్పుడు సాధారణ ఆసుపత్రిలో 15 పడకలకు మించని విభాగంలో ఉంచాలి. బలవంతపు చికిత్సకు ఇద్దరు వైద్యులు ప్రతిపాదించాలి, నగర మేయరు ఉత్తర్వు ఇవ్వాలి, 48 గంటలలోగా న్యాయమూర్తికి తెలియజేయాలి. గడువు ఏడు రోజులు. అవసరమైతే మళ్ళీ పొడిగించాలి. ప్రమాదకారి అన్న మాట చట్టం నుండి తొలగింది. పోలీసు అధికారి స్థానంలో మేయరు వచ్చాడు. అదే ఏడాది డిసెంబరులో జాతీయ ఆరోగ్య సేవను స్థాపించిన 833వ చట్టంలో ఈ నిబంధనలు కలసిపోయాయి.

బసాల్యా దీనిని సంపూర్ణ విజయంగా భావించలేదు. ప్రజాభిప్రాయ సేకరణను తప్పించడానికి చేసిన మధ్యంతర చట్టమని, రాజీలు ఇందులో ఉన్నాయని చెప్పేవాడు. చట్టంలోని పెద్దలోపం ప్రణాళికకు సంబంధించినది. పాత ఆసుపత్రులలోకి ప్రవేశం ఆపింది కాని, కొత్త కేంద్రాలు ఎన్ని ఉండాలి, ఎంతమంది సిబ్బంది కావాలి, డబ్బు ఎక్కడినుండి వస్తుంది అన్న ప్రశ్నలను ప్రాంతీయ ప్రభుత్వాలకు వదలివేసింది. బసాల్యా సంఘం సభ్యులు ముందునుండి పనిచేస్తున్న ట్రియెస్టె, ఆరెజ్జో, పెరూజా వంటి చోట్ల కేంద్రాలు అప్పటికే ఉన్నాయి. ఇతరచోట్ల, ముఖ్యంగా దక్షిణ ప్రాంతాలలో, ఏళ్ళు గడచినా కేంద్రాలు రాలేదు. అటువంటిచోట జబ్బుపడినవారి భారం తల్లులపై, భార్యలపై పడింది. రోగుల కుటుంబాలవారు సంఘాలుగా ఏర్పడి నిరసన తెలిపారు. కొందరు చట్టం రద్దును, కొందరు చట్టం అమలును కోరారు.

రోము, మరణము

1979 నవంబరులో బసాల్యా ట్రియెస్టెను ఫ్రాంకో రొతెల్లికి అప్పగించి, లాట్సియో ప్రాంతపు మానసిక వైద్యసేవల సమన్వయకర్తగా రోముకు వెళ్ళాడు. లక్షలాది జనాభా గల రాజధానిలో కూడా ట్రియెస్టె పద్ధతి సాధ్యమేనని నిరూపించాలన్నది ఈయన ఆశయం. అంతకుముందే బ్రెజిల్ దేశంలో పర్యటించి ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆ పర్యటనలు అక్కడి ఉద్యమానికి ఊతమిచ్చాయి. 2001లో బ్రెజిల్ చేసిన మానసిక ఆరోగ్య సంస్కరణ చట్టం ఆ ఉద్యమ ఫలితమే.

రోములో పని ఆరంభదశలో ఉండగానే 1980 వసంతంలో ఈయన మెదడులో కణితి ఉన్నట్లు బయటపడింది. ఏప్రిల్‌లో సాన్ జొవాన్ని మానసిక వైద్యశాలగా తన పని ముగించినట్లు ట్రియెస్టె ప్రొవించా అధికారికంగా ప్రకటించింది. ఆగష్టు 29న బసాల్యా వెనిస్‌లోని తన ఇంటిలో 56వ ఏట మరణించాడు.

తదనంతర పరిణామాలు

1978 చివరలో ఇటలీ పిచ్చాసుపత్రులలో ఇంకా దాదాపు 78 వేలమంది రోగులు ఉన్నారు. వారికి ఇళ్ళు, వసతిగృహాలు చూపి ఆసుపత్రులను ఖాళీ చేయడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. చట్టంలో లోపించిన ప్రణాళికను పూరించే పనిని ప్రధానంగా తలకెత్తుకున్నది ఫ్రాంకా ఒంగారో. ఆమె 1983 నుండి 1992 వరకు స్వతంత్ర వామపక్ష సభ్యురాలిగా సెనేటులో ఉన్నది. కేంద్రాల సంఖ్య, పడకలు, సిబ్బంది వివరాలతో 180వ చట్టం అమలు కొరకు ఆమె ఒక బిల్లు ప్రవేశపెట్టింది. అది చట్టం కాలేదు గాని, 1994లో ప్రభుత్వం ప్రకటించిన మొదటి జాతీయ మానసిక ఆరోగ్య ప్రణాళికకు దానిలోని అంశాలే ఆధారమయ్యాయి. అదే ఏడాది చివర చేసిన ఆర్థిక చట్టం 1996 చివరికల్లా మిగిలిన ఆసుపత్రులను మూసివేయాలని గడువు విధించింది. ఆ పని శతాబ్దం ముగిసేనాటికి గాని పూర్తి కాలేదు. 180వ చట్టం స్పృశించకుండా విడిచిన నేరస్థ మానసిక రోగుల ఆసుపత్రులను 2014 నాటి మరొక చట్టం ప్రకారం మూసివేయగా, వాటిలో చివరిది 2017లో ఖాళీ అయింది.

ట్రియెస్టెలో మండలానికొకటిగా వెలసిన మానసిక ఆరోగ్య కేంద్రాలు రాత్రింబవళ్ళు తెరచి ఉండే పద్ధతిని అనుసరించాయి. ఒక్కొక్క కేంద్రంలో కొద్ది పడకలు మాత్రమే ఉండేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విధానాన్ని ఆదర్శంగా గుర్తించింది. సాన్ జొవాన్ని ఆవరణ ప్రజలందరికీ తెరచిన ఉద్యానవనంగా మారింది. పాత వార్డులలో విశ్వవిద్యాలయ విభాగాలు, ఆరోగ్యశాఖ కార్యాలయాలు వెలిశాయి.

బసాల్యా వ్యాసాలను ఫ్రాంకా ఒంగారో సేకరించి 1981, 1982 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా ప్రచురించింది. ఈయన జీవితం ఆధారంగా మార్కో తూర్కో దర్శకత్వంలో 2010లో ఇటలీ ప్రభుత్వ టెలివిజన్ రెండు భాగాల చిత్రాన్ని ప్రసారం చేసింది. అందులో ఫాబ్రీత్సియో జిఫూని బసాల్యా పాత్రను ధరించాడు. ఫ్రాంకా ఒంగారో 2005 జనవరి 13న వెనిస్‌లో మరణించింది.